టీచర్ ఎమ్మెల్సీ ఎన్నికల్లో మన అసోసియేషన్ మద్దతు ఎలా తేల్చాలి, బులెటిన్‌లో ఎలా రాయాలి

2021 మార్చిలో ఎన్నికలు జరిగిన కృష్ణా-గుంటూరు, తూర్పు-పశ్చిమ గోదావరి టీచర్ ఎమ్మెల్సీ సీట్ల గడువు 2027 మార్చితో అయిపోతుంది కాబట్టి అక్కడి యూనివర్సిటీ, కాలేజీ అసోసియేషన్ల వాళ్ళకి ఈ పని దగ్గర్లోనే ఉన్నట్టు. మిగతా చోట్ల కాస్త టైముంది కానీ ఉప ఎన్నిక ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. గోదావరి జిల్లాల్లో ఎమ్మెల్సీ షేక్ సాబ్జీ గారు 2023 డిసెంబర్‌లో రోడ్డు ప్రమాదంలో పోయాక 2024 డిసెంబర్‌లో మళ్ళీ పోలింగ్ పెట్టారు కదా. నేను ఒక యూనివర్సిటీ టీచర్స్ అసోసియేషన్‌లో రెండు టర్మ్‌లు కార్యదర్శిగా చేశా, బులెటిన్ కూడా నేనే చూసేవాడిని. ఆ అనుభవంతో కొత్తగా కార్యదర్శి అయిన వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

ముందు ఒక సంగతి చెప్పాలి, ఇది చెప్పకపోతే మిగతాదంతా ఎందుకు రాస్తున్నానో అర్థం కాదు. మా మొదటి టర్మ్‌లో కార్యవర్గం పదకొండు మందిమి ఒక రాత్రి గెస్ట్‌హౌస్ గదిలో కూర్చుని ఫలానా అభ్యర్థికి మద్దతు అని తేల్చేసాం, పొద్దున్నే శాలువా కప్పిన ఫోటో వాట్సాప్ గ్రూపులో పడిపోయింది, ఆ నెల బులెటిన్ మొదటి పేజీలో కూడా అదే ఫోటో వేసాం. అదే పేజీ అడుగున నాలుగు లైన్లలో ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ గారి సంతాపం ఉంది, తొందరలో ఆయన డిపార్ట్‌మెంట్ పేరు తప్పు పడింది, బోటనీకి బదులు జువాలజీ అని. ఆయన భార్య బులెటిన్ మడతపెట్టి చేతిలో పట్టుకుని నా గదికొచ్చారు, గొడవేం చెయ్యలేదు, "ముప్పై ఏళ్ళు చందా కట్టాడు బాబూ, పేరు కింద డిపార్ట్‌మెంటన్నా సరిగ్గా వెయ్యలేకపోయారా" అన్నారు అంతే. ఆ సాయంత్రమే ఒక కాంట్రాక్ట్ మేడం ఫోన్ చేసి "మద్దతు మా అందరి పేరుతో ఇచ్చారు కదా సార్, మమ్మల్నెవరన్నా అడిగారా" అన్నారు. రెండిటికీ నా దగ్గర జవాబు లేదు. కింద రాసే పద్ధతంతా ఆ తర్వాత మేము మార్చుకున్నదే.

ఇప్పుడు పనిలోకి వద్దాం. మద్దతు ఎవరికి అనే దానికంటే ముందు మీ సభ్యుల్లో ఎంతమందికి ఓటుందో చూసుకోండి. టీచర్ నియోజకవర్గానికి ఓటర్ల జాబితా ప్రతి ఎన్నికకీ కొత్తగా తయారుచేస్తారు, పోయినసారి ఓటేసాం కదా పేరుంటుందిలే అనుకుంటే మునిగినట్టే. నవంబర్ 1 అర్హత తేదీ, దానికి ముందు ఆరేళ్ళలో మొత్తం మూడేళ్ళు హైస్కూలు స్థాయికి తగ్గని సంస్థలో పాఠం చెప్పి ఉండాలి, వరసగా మూడేళ్ళే ఉండక్కర్లేదు, ఒకే కాలేజీలోనే ఉండక్కర్లేదు. ఫామ్ 19 నింపాలి, దానికి సంస్థ హెడ్ ఇచ్చే సర్టిఫికెట్ జతచెయ్యాలి. ఫామ్ 18 అనేది గ్రాడ్యుయేట్ సీటుకి, రెండూ కలిపేసుకునే వాళ్ళు ప్రతిసారీ ఉంటారు, టేబుల్ మీద రెండు కట్టలు పక్కపక్కన పెట్టకండి.

ఇంకో పెద్ద పొరపాటు ఊరి దగ్గర జరుగుతుంది. ఓటు పనిచేసే చోట కాదు, ఉండే చోట. నల్గొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీలో పాఠం చెబుతూ ఎల్‌బీ నగర్‌లో కాపురముంటే ఆయన ఓటు మహబూబ్‌నగర్-రంగారెడ్డి-హైదరాబాద్ సీటులో ఉంటుంది, వరంగల్-ఖమ్మం-నల్గొండలో కాదు. అంటే ఒకే డిపార్ట్‌మెంట్‌లో రెండు నియోజకవర్గాల ఓటర్లు ఉంటారన్నమాట, మీరు ఒక అభ్యర్థికి మద్దతు ప్రకటిస్తే సగం మందికి ఆ పేరు బ్యాలెట్‌లోనే ఉండదు. అందుకే సభ్యుల జాబితాలో ఇంటి అడ్రసు కాలమ్ పెట్టి నియోజకవర్గం వారీగా విడగొట్టండి.

అక్టోబర్ మొదట్లో నోటీసు వస్తుంది, నవంబర్ మొదటి వారం దాకా ఫారాలు తీసుకుంటారు. ఆ నెల రోజులూ కారిడార్‌లో ఒక బల్ల, రెండు కుర్చీలు, స్టాప్లర్, గమ్ పెట్టుకుని మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటి దాకా ఎవరో ఒకరు కూర్చోవాలి. గుత్తగా ఎవరో ఒకాయన వంద ఫారాలు తీసుకెళ్ళి ఇస్తే తీసుకోరు, కానీ సంస్థ హెడ్ తన స్టాఫ్ ఫారాలు కలిపి పంపొచ్చు. కాబట్టి ప్రిన్సిపాల్ గారినో రిజిస్ట్రార్ గారినో ముందే కలిసి సర్టిఫికెట్ల సంతకాలకి ఒక రోజు ఖాయం చేసుకోండి. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ ఇవ్వడానికి నసుగుతుంటే ఆ ఫ్యాకల్టీ ఒక్కొక్కరూ పోయి అడిగితే పని కాదు, అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద రాసి అడగండి, అక్కడే మన అవసరం ఎక్కువ.

తర్వాత రూల్స్. మీ అసోసియేషన్ ఏ చట్టం కింద రిజిస్టరైందో కాగితం తీసి చూడండి, చాలామంది కార్యదర్శులు ఆ కాగితం ఒక్కసారి కూడా చూసుండరు. మనవి ఎక్కువగా సొసైటీల చట్టం కింద ఉంటాయి, అలాంటప్పుడు బైలాస్‌లో ఏముందో అదే మాట. ట్రేడ్ యూనియన్ల చట్టం 1926 కింద ఉంటే రాజకీయ పనులకి విడిగా ఫండ్ పెట్టాలి, దానికి చందా ఇవ్వడం సభ్యుడి ఇష్టం, ఇవ్వనందుకు ఎవరినీ సంఘంలో తక్కువ చెయ్యకూడదని సెక్షన్ 16 చెప్తుంది. నన్నడిగితే సొసైటీ అయినా ఇదే పాటించడం న్యాయం, పరీక్ష డ్యూటీ డబ్బుల్లోంచి చందా కట్టిన మనిషి డబ్బు ఆయనకి నచ్చని అభ్యర్థి ఫ్లెక్సీకి పోకూడదు.

గవర్నమెంట్ కాలేజీ లెక్చరర్లకి 1964 ప్రవర్తనా నియమావళి ఉంది, ఓటెయ్యొచ్చు కానీ రాజకీయ పార్టీల్లో చేరడం, ప్రచారం చెయ్యడం కుదరదు. యూనివర్సిటీ వాళ్ళకి సొంత నిబంధనలుంటాయి, అవి చదువుకోండి. ఉస్మానియా ప్రొఫెసర్ కె. నాగేశ్వర్ గారు 2007లో, 2009లో గ్రాడ్యుయేట్ సీటు నుంచి ఇండిపెండెంట్‌గా గెలిచారు కాబట్టి యూనివర్సిటీ మాస్టార్లకి దారి మూసుకుపోయిందేం కాదు, కానీ మీ జాబితాలో రెండు రకాల వాళ్ళూ ఉంటే ప్రచారం పని ఎవరికి పడితే వాళ్ళకి అప్పజెప్పకండి, రేపు మెమో వస్తే ఆ లెక్చరర్ ఒక్కడే నిలబడాలి.

ఖర్చు విషయం ఇంకా జాగ్రత్త. అభ్యర్థి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వకుండా ఆయన గెలుపు కోసం మీటింగ్ పెట్టినా, కరపత్రం వేసినా భారతీయ న్యాయ సంహిత 176 కింద నేరం, పదివేల దాకా జరిమానా. కరపత్రం మీద ప్రింటర్ పేరు అడ్రసు, పబ్లిషర్ పేరు అడ్రసు లేకపోతే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ కింద ఇంకో కేసు. కోడ్ వచ్చాక యూనివర్సిటీ సెమినార్ హాలు, గెస్ట్‌హౌస్, డిపార్ట్‌మెంట్ జిరాక్స్ మెషిన్ ఇవేవీ ముట్టుకోవద్దు. పోలింగ్ ముగిసే టైముకి 48 గంటల ముందు నుంచి గ్రూపుల్లో కూడా నోరు కట్టుకోవాలి.

ఇక అసలు సంగతి, అభ్యర్థిని ఎంచుకోవడం. ఈ సీటులో ఎక్కువ ఓట్లు హైస్కూలు టీచర్లవి, తర్వాత జూనియర్ కాలేజీ, డిగ్రీ, గురుకులాలు, ఇంజనీరింగ్ వాళ్ళు, అందులో మన యూనివర్సిటీ వాళ్ళం పిడికెడు. అభ్యర్థులు కూడా ఎక్కువగా పీఆర్‌టీయూ, యూటీఎఫ్, ఏపీటీఎఫ్, ఎస్‌టీయూ లాంటి స్కూల్ టీచర్ల సంఘాల నుంచో, లేదా పార్టీల నుంచో వస్తారు. 2025 మార్చి ఫలితాలే చూడండి, ఉత్తరాంధ్రలో గాదె శ్రీనివాసులు నాయుడు గారు, వరంగల్-ఖమ్మం-నల్గొండలో పింగిళి శ్రీపాల్‌రెడ్డి గారు ఇద్దరూ పీఆర్‌టీయూ, కరీంనగర్ వైపు సీటులో మల్క కొమురయ్య గారు బీజేపీ. వీళ్ళలో ఎవరొచ్చినా మన బాధలు మనం పోయి చెప్పుకోకపోతే వాళ్ళకి తెలిసే దారి తక్కువ. అందుకే మద్దతు అనేది శాలువా కార్యక్రమం కాకుండా రాతపూర్వకంగా జవాబులు రాబట్టే సందర్భం చేసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్నలు ఎనిమిది పదికి మించొద్దు, ఒక్కో ప్రశ్న ఒక్కో పని గురించి ఉండాలి. "పాత పెన్షన్ తెస్తారా" అని అడిగితే అందరూ తెస్తామనే అంటారు. ఎమ్మెల్సీ చేతిలో ఏముంది? శాసన మండలికి ద్రవ్య బిల్లుని ఆపే శక్తి లేదు, మామూలు బిల్లుని కూడా కొన్ని నెలలు ఆలస్యం చెయ్యగలదు అంతే. కాబట్టి అతను చెయ్యగలిగింది అడగండి. యూనివర్సిటీలకి ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంట్ మీద మండలిలో మొదటి ఏడాదిలో ప్రశ్న వేస్తారా? క్యాస్ (కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్) ప్రమోషన్లు ఎన్నేళ్ళ నుంచి పెండింగ్‌లో ఉన్నాయో యూనివర్సిటీ వారీగా లెక్క అడుగుతారా? కాంట్రాక్ట్, గెస్ట్ ఫ్యాకల్టీ జీతం గురించి ఏ అధికారికి, ఎప్పుడు లెటర్ రాస్తారు? వీసీల నియామకం మీద 2025 జనవరిలో యూజీసీ ఇచ్చిన డ్రాఫ్ట్‌ని ఒప్పుకుంటారా లేదా? తెలంగాణలో 2025 జనవరిలో యూనివర్సిటీ రెగ్యులర్ ఫ్యాకల్టీ రిటైర్మెంట్ వయసు 60 నుంచి 65 చేశారు, దానివల్ల కొత్త నియామకాలు వెనక్కి పోకుండా ఏం అడుగుతారు? ఈ చివరి ప్రశ్నకి సీనియర్లు, పీహెచ్‌డీ అయ్యి ఎదురుచూసే పిల్లలు ఇద్దరూ జవాబు చదువుతారు, కాబట్టి అభ్యర్థి దాటెయ్యలేడు.

ప్రశ్నల కాగితం అందరు అభ్యర్థులకీ ఒకే రోజు పంపండి, గెలవడనుకున్న ఇండిపెండెంట్‌కి కూడా. జవాబుకి పది రోజులు గడువు. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు, సంతకం పెట్టిన కాగితమే. జవాబివ్వని వాళ్ళ పేరు కింద "జవాబు రాలేదు" అని రాసి వదిలెయ్యండి, వ్యాఖ్య వద్దు.

తర్వాత సభ్యుల ఓటు. మేము ఇలా చేసాం: జనరల్ బాడీకి పదిహేను రోజుల నోటీసు, జవాబులన్నీ ముందే పంపిణీ, ఆ రోజు చర్చ గంటన్నర, తర్వాత చీటీ మీద రహస్య ఓటు. చీటీలో అభ్యర్థుల పేర్లతో పాటు "ఎవరికీ మద్దతు వద్దు, సభ్యుల ఇష్టానికి వదిలెయ్యాలి" అనే గడి తప్పకుండా ఉండాలి, ఈ గడి లేని చీటీ చీటీయే కాదు. పోలైన ఓట్లలో మూడింట రెండు వంతులు ఒకరికి వస్తేనే మద్దతు, పైగా మొత్తం సభ్యుల్లో సగం మందైనా ఓటేసుండాలి. ఆ లెక్క అందకపోతే మద్దతు లేదు, జవాబుల పట్టిక మాత్రం వేస్తాం. చేతులెత్తించే పద్ధతి వద్దండీ, హెచ్‌ఓడీ ముందు వరసలో కూర్చుంటే అసిస్టెంట్ ప్రొఫెసర్ చెయ్యి ఎటు లేస్తుందో అందరికీ తెలుసు. కాంట్రాక్ట్ వాళ్ళకి మీ బైలాస్‌లో సభ్యత్వం లేకపోతే కనీసం చర్చలో కూర్చోబెట్టి మాట్లాడనివ్వండి, వచ్చే జనరల్ బాడీలో బైలా మార్చుకోండి. కార్యవర్గంలో ఎవరికైనా అభ్యర్థితో చుట్టరికమో, పార్టీ పదవో ఉంటే మొదట్లోనే లేచి చెప్పి చీటీల లెక్కింపుకి దూరంగా ఉండాలి. మన సభ్యుడే పోటీ చేస్తుంటే ఇది రెట్టింపు గట్టిగా పాటించాలి.

మద్దతు ఎవరికో తేలాక రెండో ప్రాధాన్యత కూడా మాట్లాడుకోండి, చాలా అసోసియేషన్లు ఇది మర్చిపోతాయి. ఈ ఎన్నికలో ఓటరు అభ్యర్థుల పేర్ల ఎదురుగా తన ఇష్టం వరసలో 1, 2, 3 అని అంకెలు వేస్తాడు, 2 వేసిన వాళ్ళు రెండో ప్రాధాన్యత. ఇక్కడ గెలవాలంటే చెల్లిన ఓట్లలో సగం కంటే ఒకటి ఎక్కువ రావాలి, 19,000 చెల్లితే 9,501. మొదటి ప్రాధాన్యతతో ఎవరికీ అన్ని రాకపోతే అడుగున ఉన్న వాళ్ళని తీసేస్తూ వాళ్ళ రెండో ప్రాధాన్యతలు పంచుతారు. 2025లో ఉత్తరాంధ్ర సీటు అలాగే తేలింది, మొదటి రౌండ్‌లో ఎవరికీ కోటా, అంటే గెలవడానికి కావాల్సిన ఆ సంఖ్య, రాలేదు, మూడో స్థానంలో ఉన్న అభ్యర్థి ఎలిమినేట్ అయ్యాక గానీ ఫలితం రాలేదు. మన వాడు మూడోవాడైతే మన రెండో అంకె ఎవరికి పోవాలో కూడా సభ్యులే చెప్పాలి, లేదా అది మీ ఇష్టం అని స్పష్టంగా రాయాలి.

ఓటు ఎలా వెయ్యాలో పోలింగ్‌కి వారం ముందు ఒక్క పేజీలో వెయ్యండి. అధ్యాపకుల ఓట్లు చెల్లకుండా పోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. బ్యాలెట్ మీద పార్టీ గుర్తు ఉండదు, పేరు ఫోటో ఉంటాయి. అక్కడిచ్చే వయొలెట్ స్కెచ్ పెన్‌తోనే రాయాలి, జేబులో పెన్ను తియ్యకూడదు. గడిలో 1 అనే అంకె వెయ్యాలి, టిక్కు కాదు, "ఒకటి" అని అక్షరాల్లో కాదు. 1 ఒక్కరికే, 1 లేకుండా 2 వేస్తే ఓటు పోయినట్టే, సంతకం పెడితే పోయినట్టే. పరీక్ష పేపర్లు దిద్దిన అలవాటుకి చెయ్యి టిక్కు వైపు పోతుంది, ఒకసారి ఇంట్లో కాగితం మీద వేసి చూసుకోమని చెప్పండి.

ఇక బులెటిన్. మద్దతు వార్త ఇలా రాస్తే సరిపోతుంది: "ఫలానా తేదీ జనరల్ బాడీలో 212 మంది సభ్యులకి 148 మంది ఓటేసారు. ఫలానా గారికి 103, మద్దతు వద్దన్నవాళ్ళు 31, మిగతా ఇద్దరికి 14. నియమం ప్రకారం ఫలానా గారికి సంఘం మద్దతు ఇస్తోంది. ఇది సలహా మాత్రమే, ఓటు మీ సొంతం." ఇవి ఉదాహరణ అంకెలే, మీవి వేసుకోండి, కానీ వద్దన్న 31ని మాత్రం దాచొద్దు. ఆ 31 మంది రేపు డీఏ బకాయిల ధర్నాకి మన పక్కన కూర్చోవాల్సిన వాళ్ళు. వాళ్ళలో ఎవరన్నా వ్యతిరేకంగా రెండొందల మాటలు రాసిస్తే అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వెయ్యండి. "చారిత్రక మద్దతు", "అఖండ మెజారిటీ" లాంటి మాటలు కొట్టెయ్యండి. అభ్యర్థి ఫోటో వేస్తే అందరివీ వెయ్యాలి లేకపోతే ఎవరిదీ వద్దు.

సభ్యుల వార్తలు విడి పేజీలో ఉండాలి, ఆ పేజీలో రాజకీయం ఒక్క లైను కూడా రాకూడదు. ఎమ్మెల్సీ గారు పరామర్శించిన ఫోటో సంతాపం పక్కన వెయ్యడం, ప్రమోషన్ వచ్చిన మేడం అభినందనలో "ఫలానా నాయకుడి చొరవతో" అని ఇరికించడం, ఇవి నేను చేతులారా చేసినవే, ఇంకెవరూ చెయ్యొద్దు. ఆ ప్రమోషన్ ఆవిడ పేపర్లకి, పాఠాలకి వచ్చింది.

రాసే పద్ధతి చెప్తా. ప్రతి డిపార్ట్‌మెంట్‌లో ఒక మనిషిని పెట్టుకోండి, నెలలో 20వ తేదీకల్లా వార్తలు పంపాలి. పేరు ఇనిషియల్స్‌తో, హోదా, డిపార్ట్‌మెంట్, తేదీ నాలుగూ సర్వీస్ రికార్డుతో పోల్చాకే పేజీకి ఎక్కించాలి, సంతాపమైతే ఇంట్లో వాళ్ళకి చదివి వినిపించి సరే అన్నాకే. మా దగ్గర జరిగిన బోటనీ-జువాలజీ తప్పు తర్వాత ఇది నియమం చేసాం, ఎంత అర్జెంటైనా ఇదొక్కటి దాటలేదు. సంతాపంలో ఆయన ఏ పదవులు చేసాడో మూడు లైన్లు రాసి వదిలెయ్యకుండా ఒక్క నిజమైన విషయం ఉండేట్టు చూడండి, ఏ ఊర్నుంచి వచ్చాడు, ఏ పేపరు చెప్పేవాడు, పిల్లలు ఆయన్ని ఏమని పిలిచేవారు. పాత విద్యార్థికి ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో దొరుకుతుంది.

జబ్బు వార్త మాత్రం ఆ మనిషి ఒప్పుకుంటేనే. సాయం కోసం విజ్ఞప్తి చేసినా జబ్బు పేరు రాయక్కర్లేదు, "వైద్య ఖర్చుల కోసం" చాలు. కోర్టు కేసులు, సస్పెన్షన్లు సభ్యుల వార్తల్లో రాకూడదు, సంఘం దానిమీద తీర్మానం చేస్తే ఆ తీర్మానం వెయ్యండి. సభ్యుడు ఏదైనా పార్టీలో చేరితే అది ఆయన సొంత విషయం, మనకి వార్త కాదు. సభ్యుడు ఎన్నికల్లో నామినేషన్ వేస్తే వార్తే, రెండు లైన్లలో పేరు, నియోజకవర్గం, అంతవరకే. గెస్ట్ ఫ్యాకల్టీకి పీహెచ్‌డీ అవార్డైతే ప్రొఫెసర్‌కి అవార్డొచ్చిన వార్త ఎంత జాగాలో వేసామో అంతే జాగా. మా కాంట్రాక్ట్ మేడం పేరు మొదటిసారి అలా వేసినప్పుడు ఆవిడ నాలుగు కాపీలు అడిగి పట్టుకెళ్ళారు, ఒకటి అమ్మకట, ఊరికి పంపారు.

ఫలితాలొచ్చాక పని అయిపోలేదు. గెలిచిన ఎమ్మెల్సీ సంతకం పెట్టిన జవాబుల కాగితం, మనం ఓటేసిన మనిషిదైనా కాకపోయినా, ఫైల్లో పెట్టి ప్రతి మార్చి, సెప్టెంబర్ బులెటిన్‌లో ప్రశ్న ప్రశ్నకి ఎదురుగా ఏం జరిగిందో వెయ్యండి: మండలిలో అడిగారు, లెటర్ రాసారు, ఇంకా లేదు. వేసే ముందు ఒక కాపీ ఆయనకి పంపి వారం ఆగండి, ఆయన సవరణ పంపితే అదీ వెయ్యండి. ఈ ఫైలు, ఇంటి అడ్రసులతో నియోజకవర్గం వారీ జాబితా, చీటీల లెక్క కాగితం, సంతాపాలకి ఫోన్ చెయ్యాల్సిన కుటుంబాల నంబర్లు, ఈ నాలుగూ ఒకే బీరువా అరలో ఉంచి, మీ టర్మ్ అయిపోయిన రోజు కొత్త కార్యదర్శితో సంతకం పెట్టించుకుని తాళం ఇవ్వండి.